రెండు నెలల ఇంటర్న్‌షిప్పా, ఆరు నెలలదా: ఏది మేలు?

మా అక్క కొడుకు ఇక్కడే బెంగళూరులో కంప్యూటర్ సైన్స్ నాలుగో ఏడాది చదువుతున్నాడు. వాళ్లది అటానమస్ కాలేజీ, అంటే సిలబస్, పరీక్షలు కాలేజీవాళ్లే చూసుకుంటారు. ఎనిమిదో సెమిస్టర్లో క్యాంపస్‌లోనే ఉండి ప్రాజెక్టు చేసుకోవచ్చు, లేదంటే జనవరి నుంచి ఆరు నెలలు కంపెనీలో పనిచేసి రావచ్చు. "మొన్న సెలవుల్లో రెండు నెలలు చేసినా కదా మామా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అన్నాడు ఆదివారం అన్నానికి వచ్చినప్పుడు.

ఆ రెండు నెలలు ఎట్లా గడిచాయో అడిగాను. ల్యాప్‌టాప్ చేతికొచ్చి, కావాల్సిన పర్మిషన్లన్నీ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. తర్వాత రెండు వారాలు కోడ్ చదవడం, అర్థం కాకపోతే పక్కవాడిని అడగడం. మిగిలిన రోజుల్లో ఒక డాష్‌బోర్డ్ తయారుచేశాడు. చివరి శుక్రవారం డెమో ఇచ్చాడు, అందరూ చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు దాన్ని ఎవరైనా వాడుతున్నారా?" అన్నాను. పప్పులో నెయ్యి కలుపుకుంటూ నవ్వాడు.

వాడి తప్పేం లేదు. రెండు నెలల్లో ఇచ్చే పని అట్లాంటిదే ఉంటుంది. చెడినా ఎవరికీ నష్టం లేని పని చూసి ఇస్తారు. అయినా సెలవుల ఇంటర్న్‌షిప్‌ను తీసిపారేయలేం. మూడో ఏడాది అయ్యాక చేసే ఆ రెండు నెలల్లో కంపెనీకి నచ్చితే, ఏడో సెమిస్టర్ ప్లేస్‌మెంట్ల హడావిడికి ముందే పీపీఓ, అంటే ఉద్యోగం ఇస్తామన్న ఆఫర్, చేతిలో పడుతుంది. ఉద్యోగం ఖాయం కావడమే ముఖ్యమనుకునే ఇంట్లో దానికి మించింది లేదు. మావాడికి అది రాలేదు. అందుకే ఈ తర్జనభర్జన.

ఆరు నెలల్లో ఏం తేడా అంటే, మనం చేసిన తప్పు తిరిగి మన దగ్గరికే వచ్చేంత టైమ్ ఉంటుంది. మా టీమ్‌లో ఒక ఇంటర్న్ అమ్మాయి రోజువారీ ఆర్డర్ల రిపోర్టు రాసింది. పట్టుమని పదిహేను లైన్లు కూడా లేవు, టెస్టులన్నీ పాసయ్యాయి. మూడు వారాల తర్వాత అకౌంట్స్ వాళ్లు వచ్చి లెక్క కుదరడం లేదన్నారు. చూస్తే అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆర్డర్లు ముందు రోజు ఖాతాలో పడుతున్నాయి. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో నడుస్తుంది, మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. అంటే రాత్రి 12 నుంచి పొద్దున 5:30 దాకా సర్వర్‌కు ఇంకా నిన్నే. పగలు టెస్ట్ చేస్తే ఈ తప్పు ఎప్పటికీ కనపడదు. ఆ అమ్మాయే సరిచేసింది, పాత రిపోర్టులన్నీ మళ్లీ తీసింది, అకౌంట్స్ వాళ్లకు తనే వివరించింది. అదే సెలవుల ఇంటర్న్ అయ్యుంటే, తప్పు బయటపడేసరికి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోయి ఉండేది.

బిట్స్ పిలానీ వాళ్లు ఈ రెండింటినీ ప్రాక్టీస్ స్కూల్ పేరుతో 1970ల నుంచే చదువులో భాగం చేశారు. రెండో ఏడాది తర్వాత వేసవిలో ఒకటి, చివర్లో ఒక సెమిస్టర్ పొడవునా ఇంకొకటి. మొదటిది ఆఫీసు ఎట్లా ఉంటుందో చూడటానికి, రెండోది పని చేయడానికి. ఆ వరుస నాకు నచ్చుతుంది.

ఇక క్యాంపస్‌లో ఉండి చేసే ప్రాజెక్టు. పై చదువులకు వెళ్లేవాళ్లకు, గేట్ రాసేవాళ్లకు, మంచి గైడ్ దొరికినవాళ్లకు అదే మేలు. మిగతావాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నలుగురి టీమ్‌లో ఒకడు కోడ్ రాస్తాడు, ఒకడు రిపోర్ట్ బైండింగ్ చేయిస్తాడు.

డబ్బు కట్టి చేసే ఇంటర్న్‌షిప్పులను అసలు లెక్కలోకే తీసుకోను. నేను ఫైనలియర్‌లో ఉన్నప్పుడు ఒకచోట కట్టాను. పాత ప్రాజెక్టు కోడ్ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి, సర్టిఫికెట్ మీద పేరు కూడా తప్పు రాశారు.

ఆరు నెలల దాంట్లో కష్టాలు లేవని కాదు. మొదటిది ఆఫర్ లెటర్. కొన్ని కంపెనీలు ఇంటర్న్‌షిప్‌తో పాటు ఉద్యోగం ఖాయంగా రాసిస్తాయి. కొన్ని 'పర్ఫార్మెన్స్‌ను బట్టి' అని ఊరుకుంటాయి. రెండో రకంలో జూన్ దాకా ఉండి, చివరికి లేదనిపించుకుంటే అప్పటికి క్యాంపస్ డ్రైవ్‌లు అయిపోయి ఉంటాయి. రెండోది దూరం. యలహంకలో హాస్టల్ ఉండి ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసంటే ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు. 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ వచ్చాక సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ బాధ కొంత తగ్గింది గానీ, అది మొదలయ్యేది ఆర్‌వీ రోడ్ దగ్గర. అక్కడిదాకా వేరే తిప్పలు. కాబట్టి స్టైపెండ్‌లోంచి పీజీ (పేయింగ్ గెస్ట్) గది అద్దె తీసేశాకే ఎంత మిగులుతుందో చూడాలి. మధ్యలో కాలేజీ రివ్యూలకు, వైవాకు సెలవు ఇస్తారో లేదో ముందే అడగాలి.

మావాడికి నేను చెప్పింది ఒక్కటే: పోరా, కానీ నీ కోడ్‌ను రివ్యూ చేసేది ఎవరో ముందు కనుక్కో. రెండు చోట్లకు మెయిల్ పెట్టాడు. పెద్ద పేరున్న కంపెనీ నుంచి 'జాయినయ్యాక చెప్తాం' అని వచ్చింది. నలభై మంది ఉన్న చిన్న కంపెనీ నుంచి మాత్రం కోడ్ రివ్యూ చేసే సీనియరే ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. స్టైపెండ్ నెలకు మూడు వేలు తక్కువైనా వాడు అక్కడికే మొగ్గాడు.

సాయంత్రం ధర్మవరం నుంచి అక్క ఫోన్. కంపెనీ పేరు రెండుసార్లు చెప్పించుకుంది, ఎప్పుడూ వినలేదంది. తర్వాత అసలు సంగతికి వచ్చింది: హాస్టల్‌కు ఏడాది మొత్తానికి కట్టేశాం కదా, డిసెంబర్‌లో ఖాళీ చేస్తే సగమన్నా తిరిగి ఇస్తారా?