ఫీజు డబ్బా, వర్క్‌షాపు సరుకా?

ఐటీఐ, పాలిటెక్నిక్‌ల పద్దుపై చర్చించే శాసనసభ్యుల ముందు రెండు దారులున్నాయి: పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టడం, లేదా కాలేజీ వర్క్‌షాపుకు నేరుగా నిధులివ్వడం.

ఫీజు కడితే పేదింటి పిల్ల ధైర్యంగా చేరుతుంది. పాలిసెట్ ప్రవేశపరీక్ష, మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా, ఆపైన ఈసెట్ ప్రవేశపరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి దారి తెరుచుకుంటుంది. చిక్కల్లా విడుదల ఆలస్యం కావడమే. బకాయి పడితే కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు, ఈలోగా చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

వర్క్‌షాపు సంగతి వేరు. వెల్డర్ ట్రేడే చూడండి. 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్డుకు సుమారు 90 నుంచి 130 ఆంపియర్లు కావాలి. తక్కువ పెడితే రాడ్డు ప్లేటుకు అతుక్కుపోతుంది, ఎక్కువైతే అతుకు అంచున గాడి పడుతుంది. రాడ్డు తడిస్తే అతుకులో బుడగలు. ఇవి చేతికి తెలియాలంటే కట్టలకొద్దీ రాడ్లు కాలాలి, బోర్డు మీద బొమ్మ గీస్తే రాదు. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో పని దొరకాలన్నా చెయ్యే మాట్లాడాలి.

ఇక్కడా లోపం లేకపోలేదు. యంత్రం కొంటారు, త్రీఫేజ్ లైను వేయరు. టెండరు ఫిబ్రవరిలో పిలుస్తారు, మార్చి 31 దాటితే డబ్బు మురిగిపోతుంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాలకు మా ఓటు వర్క్‌షాపుకే, ఫీజు సాయం తగ్గించకుండా. పద్దులో యంత్రాలకు, రాడ్లూ ప్లేట్లకూ విడివిడిగా ఎంత ఉందో సభ్యులు అడగాలి. రెండోది సున్నా అయితే మొదటిది మూలన పడుతుంది.