లిస్ట్‌బాక్సా, కాంబోబాక్సా? కాటా గదిలో తేలిన సంగతి

ప్రాజెక్టు పని మీద నా దగ్గరికొచ్చే ఇంజినీరింగ్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఇక్కడ లిస్ట్‌బాక్స్ పెట్టాలా, కాంబో పెట్టాలా?" లిస్ట్‌బాక్స్ అంటే జాబితా ఎప్పుడూ తెరిచే కనిపించే పెట్టె. కాంబోబాక్స్ అంటే ఎంచుకున్నది ఒక్కటే చూపించి, నొక్కితే కిందికి జాబితా తెరిచే డ్రాప్‌డౌన్ పెట్టె. మొదట్లో నేనూ పుస్తకాల్లో ఉన్న జవాబే చెప్పేవాణ్ణి. స్క్రీన్ మీద చోటుంటే లిస్ట్‌బాక్స్, లేకపోతే డ్రాప్‌డౌన్. ఐటమ్‌లు నాలుగైదైతే ఒకటి, యాభై అయితే ఇంకొకటి. అది తప్పు జవాబేం కాదు. కానీ దాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్ ఒక రైస్ మిల్లు కాటా గదిలో పెట్టి చేతులు కాల్చుకున్నాను. ఆ సంగతి చెబితేగాని నా జవాబు ఎందుకు మారిందో అర్థం కాదు.

నేను రాసేవన్నీ చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు. మిల్లులకు కాటా చీటీలు, ఎరువుల కొట్లకు బిల్లులు, అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారులకు లారీల లెక్కలు, భీమవరం వైపు రొయ్యల కొనుగోలు పుస్తకాలు. దాదాపు అన్నీ విండోస్ ఫామ్స్‌లోనే, అంటే విండోస్ ప్రోగ్రామ్‌లకు తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సరంజామాతో. 2002లో డాట్‌నెట్‌తో పాటు వచ్చిన సరుకుతో ఇంకా పని చేస్తున్నావా అని నవ్వేవాళ్లున్నారు. నెట్ పోయినా చీటీ ఆగకూడదు అనే మిల్లులో కూర్చుంటే ఆ నవ్వు ఆగుతుంది.

సార్వా కోతలు జోరు మీదున్న రోజులవి. కాటా ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. నా ఫామ్‌లో పైన రైతు పేరు, ఊరు, ధాన్యం రకం, బస్తాలు, తేమ ఉండేవి. కింద ఆ రోజు కొట్టిన చీటీల పట్టిక. మిల్లులో ఉన్నది పాత చిన్న మానిటర్ కాబట్టి ఫామ్ మొత్తం ఒకేసారి కనిపించేది కాదు, కిందికి జరుపుకోవాలి. రకం దగ్గర పద్ధతిగా కాంబోబాక్స్ పెట్టాను, డ్రాప్‌డౌన్‌లిస్ట్ స్టైల్‌లో, అంటే ఎంచుకోవడమే తప్ప సొంతంగా టైప్ చేయడానికి లేనిది.

గుమాస్తాగారు రకం దగ్గర స్వర్ణ ఎంచుకున్నారు. మౌస్ బాణం ఇంకా ఆ పెట్టె మీదే ఉంది. కిందున్న పట్టిక చూద్దామని చక్రం తిప్పారు. ఫామ్ కదల్లేదు. పెట్టెలో ఉన్న స్వర్ణ మాత్రం చప్పుడు లేకుండా సాంబ మసూరి అయింది. ఆయన మళ్లీ తిప్పారు, ఈసారి బాణం పక్కకి జరిగి ఉంది కాబట్టి ఫామ్ కదిలింది. ఏదో మౌస్ మొరాయించిందనుకుని చీటీ కొట్టేశారు. రకం సాంబ కాబట్టి రేటూ సాంబదే పడింది.

ఆ పూట అలాంటివి మూడు చీటీలు వెళ్లాయి. రాత్రి లెక్క కలవక నాకు ఫోన్ చేశారు. "ఏవండీ, మేం స్వర్ణ కొడితే మీ పెట్టె సాంబ అంటోందండి. మా ఓనరు గారి కంటే మీ పెట్టెకే చెయ్యి పెద్దదండి బాబూ!" అన్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. రేటు తక్కువ పడి ఉంటే రైతు కాటా దగ్గరే గొడవ పెట్టుకునేవాడు, నిమిషంలో దొరికిపోయేది. ఎక్కువ పడినవాడు ఎందుకు నోరు విప్పుతాడు?

నిజం చెప్పొద్దూ, ముందు తప్పు గుమాస్తాగారిదే అనుకున్నాను. ఇంటికొచ్చి నేనే ఇరవై చీటీలు కొట్టి చూశాను. ఎనిమిదో చీటీకి నా చేతిలోనూ అదే జరిగింది. విండోస్ ఫామ్స్ కాంబోబాక్స్‌లో ఫోకస్ ఉన్నప్పుడు, అంటే చివరగా నొక్కిన పెట్టె అదే అయినప్పుడు, పైన మౌస్ చక్రం తిప్పితే, జాబితా మూసి ఉన్నా సరే, ఎంపిక ముందుకో వెనక్కో జరుగుతుంది. అది బగ్ కాదు, దాని తీరే అంత.

అప్పటినుంచి నేను ముందుగా చూసేది ఐటమ్‌లు ఎన్ని, చోటెంత అని కాదు. తప్పు రకం పడితే అది ఎవరి కంటికైనా కనిపిస్తుందా లేదా అని. మూసి ఉన్న కాంబోలో ఒక్క విలువే కనిపిస్తుంది. అది తప్పయినా ఒప్పయినా ఒకే పెట్టెలో, ఒకే చోట, ఒకే అక్షరాల్లో బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. లిస్ట్‌బాక్స్‌లో అలా కాదు. అందులో చక్రం తిప్పితే జాబితా పైకీ కిందికీ జరుగుతుంది గానీ నీలం పట్టీ ఎంచుకున్న ఐటమ్‌ను వదలదు. చెయ్యి జారి పక్కది నొక్కినా ఆ పట్టీ ఉండాల్సిన వరసలో ఉండదు. రోజంతా అదే జాబితా చూసే మనిషికి పేరు చదవక్కర్లేదు, పట్టీ ఎక్కడుందో ఓరకంట చూసినా తేడా తెలిసిపోతుంది. మా గుమాస్తాగారు ఇప్పుడు రకం పేరు చదవరు. "రెండో మెట్టు మీదుంటే స్వర్ణండి" అంటారు.

కాంబో పక్షాన కూడా చెప్పాలి. చక్రం జబ్బుకు మందుంది. మౌస్‌వీల్ ఈవెంట్‌లో (చక్రం తిరగ్గానే ప్రోగ్రామ్‌కు అందే కబురు) వచ్చే ఆర్గ్యుమెంట్‌ను హ్యాండిల్డ్‌మౌస్‌ఈవెంట్‌ఆర్గ్స్‌గా మార్చి, హ్యాండిల్డ్‌ను ట్రూ చేస్తే చాలు, చక్రం దాన్ని ముట్టుకోదు. ఫామ్‌లో ఉన్న ప్రతి కాంబోకూ గుర్తుపెట్టుకుని రాయడం కంటే, కాంబోబాక్స్ నుంచి సొంత క్లాసు ఒకటి తీసి అన్నిచోట్లా అదే వాడుకోవడం నయం. అయినా అది సగం మందే. ఫోకస్ అక్కడే ఉండగా కింది బాణం తగిలినా, పొరపాటున ఒక అక్షరం నొక్కినా విలువ మారుతుంది. కాబట్టి నేను కాంబోను అరుదుగా మారే వాటికి ఉంచుకున్నాను. ప్రింటర్ ఏది, గోడౌన్ ఏది, ఏ ఆర్థిక సంవత్సరం లాంటివి. పొద్దున ఒకసారి ఎంచుకుంటే సాయంత్రం దాకా కదలనిదానికి అరచేతి వెడల్పు జాబితా తెరిచి ఉంచడం దండగ.

రెండోది, టైప్ చేసి వెతకడం. కాంబోలో అక్షరం కొడితే ఆ అక్షరంతో మొదలయ్యే ఐటమ్‌కు వెళ్తుంది కదా, అది చాలదా అంటారు. మన దగ్గర చాలదు. కీబోర్డ్ ఇంగ్లిష్, జాబితా తెలుగు. ఆపరేటర్ ఎస్ కొడితే స్వర్ణ ఎందుకొస్తుంది? సరే, పేర్లు ఇంగ్లిష్‌లో పెడదాం అనుకుంటే ఇంకో తంటా. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాలన్నీ ఎంటీయూతోనే మొదలవుతాయి. స్వర్ణ ఎంటీయూ 7029, కాటన్‌దొర సన్నాలు 1010, ఇంద్ర 1061, అమర 1064, శ్రీధృతి 1121. ఎమ్ కొడితే అన్నీ వరసలో నిలబడతాయి. కొడుతుండగానే మిగతాది పూరించే ఆటోకంప్లీట్ పెట్టినా అది పేరు మొదటి నుంచే పోలుస్తుంది, మధ్యలో ఉన్న నంబర్ను పట్టుకోదు.

రైతు నోట వచ్చేది పేరో, నంబరో. ఎంటీయూ అని ఎవరూ అనరు. అందుకని ఆ మూడక్షరాలు తీసేసి నంబర్ ముందు, పేరు తర్వాత పెట్టాను: "7029 స్వర్ణ". అంకెలకు భాష గొడవ లేదు, ఏ కీబోర్డ్‌లోనైనా ఏడు ఏడే. ఈ ఒక్క మార్పుతో లిస్ట్‌బాక్స్‌లోనూ కాంబోలోనూ వెతుకులాట తగ్గింది. కాంబోనే వాడేవాళ్లు ఇంకోటి చూసుకోండి. "1010 కాటన్‌దొర సన్నాలు" లాంటి పొడుగు పేరు ఇరుకు పెట్టెలో సగానికి తెగిపోతుంది. తెరిచిన జాబితాకు డ్రాప్‌డౌన్‌విడ్త్ వేరేగా పెంచుకోవచ్చు. మూసినప్పుడు మాత్రం దొరగారు సగమే కనిపిస్తారు.

మరి వందల మంది రైతుల పేర్లో? అక్కడ రెండూ ఒంటరిగా పనికిరావు. పైన ఒక టెక్స్ట్‌బాక్స్, దాని కిందే లిస్ట్‌బాక్స్. కొట్టిన ముక్క పేరులో ఎక్కడున్నా సరే, అవే మిగిలేలా వడపోత. మన జిల్లాల్లో సత్యనారాయణ అని కొడితే ఒక్కరు రారు, పేజీడు మంది వస్తారు. అందుకే డిస్‌ప్లేమెంబర్‌లో (జాబితాలో పైకి కనిపించే కాలమ్) పేరొక్కటే పెట్టకుండా ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కలిపిన కాలమ్ పెట్టాలి. నలుగురు సత్యనారాయణలూ ఒకరి కింద ఒకరు కనిపిస్తే గుమాస్తాగారు తలెత్తి "ఏ సత్యం గారండీ మీరు, కాలవ గట్టు వారా?" అని అడుగుతారు. డ్రాప్‌డౌన్‌లో మొదటివాడు దొరకగానే వేలు ఎంటర్ మీదికి పోతుంది. డేటాబేస్‌లోకి వెళ్లేది వాల్యూమెంబర్ (కనిపించకుండా వెనక ఉండే కాలమ్) ఇచ్చే ఐడీయే అవ్వాలి, పేరు కాదు. ఇది మీకు తెలిసిందే, అయినా తెలిసినవాళ్ల కోడ్‌లోనే పేరు దాచడం చూశాను.

కాంబోలో ఇంకో మెలిక దాని డ్రాప్‌డౌన్‌స్టైల్. ఏమీ మార్చకపోతే డ్రాప్‌డౌన్ అనే స్టైల్ వస్తుంది, అందులో ఎంచుకోవచ్చు, సొంతంగా టైపూ చేయొచ్చు. ఆ సౌకర్యం చూసి మురిసిపోయి ఊరి పేరు దగ్గర అలాగే వదిలేశాను. నెల తిరిగేసరికి ఒక్క రావులపాలెమే నాలుగు ఊళ్లయింది. ఒకచోట విడదీసి, ఒకచోట కలిపి, ఒకచోట "ఆర్. పాలెం", ఇంకోచోట చివర్లో ఖాళీ కొట్టి. రిపోర్టులో నాలుగు వరసలు. డ్రాప్‌డౌన్‌లిస్ట్‌కు మార్చి, కొత్త ఊరు చేర్చడానికి పక్కన బటన్ పెడితే గాని కుదురుకోలేదు. లిస్ట్‌బాక్స్‌కు ఈ బాధ పుట్టుకతోనే లేదు.

లిస్ట్‌బాక్స్ వెనకబడే చోట్లూ ఉన్నాయి. చోటు తినేస్తుంది, అది సరే. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఈవెంట్లు. కాంబోకు సెలెక్షన్‌ఛేంజ్‌కమిటెడ్ అని మంచి ఈవెంట్ ఉంది, మనిషి తన చేత్తో మారిస్తేనే పలుకుతుంది. లిస్ట్‌బాక్స్‌కు అది లేదు. ఎంపిక ఎలా మారినా పలికే సెలెక్టెడ్‌ఇండెక్స్‌ఛేంజ్‌డ్‌తోనే సరిపెట్టుకోవాలి, అది ఫామ్ తెరిచి డేటాసోర్స్ (జాబితాకు సరుకిచ్చే టేబుల్) ఇస్తున్నప్పుడు కూడా పలికేస్తుంది. డేటాసోర్స్ ముందిచ్చి వాల్యూమెంబర్ తర్వాత ఇస్తే, ఐడీ రావాల్సిన చోట డేటారోవ్యూ, అంటే టేబుల్‌లోని మొత్తం వరస, వచ్చి నెత్తిన పడుతుంది. మెంబర్లు రెండూ ముందు, డేటాసోర్స్ ఆఖర్న. లోడ్ అవుతోంది అని చెప్పే బూలియన్ (అవును-కాదు గుర్తు) ఒకటి పక్కన ఉంచుకోండి.

డేటాసోర్స్ ఇవ్వగానే రెండిట్లోనూ మొదటి ఐటమ్ తనంతట తానే ఎంపికైపోతుంది. ఎవరూ ఎంచుకోని రకం చీటీ మీదికి ఎక్కడానికి ఇదీ ఒక దారే. సెలెక్టెడ్‌ఇండెక్స్‌ను మైనస్ ఒకటి (ఏదీ ఎంచుకోలేదని అర్థం) చేసి, అది అలాగే ఉంటే చీటీ కొట్టనివ్వకండి.

ఒకే డేటాటేబుల్‌ను రెండు కంట్రోళ్లకు (ఫామ్ మీది పెట్టెలకు) ఇచ్చి తల పట్టుకునేవాళ్లు ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నారు. కొబ్బరి లారీల ఫామ్‌లో బయల్దేరే ఊరు, చేరే ఊరు అని రెండు కాంబోలు పెట్టాను. ఒకటి మారిస్తే రెండోదీ మారేది. ఏ లారీ చూసినా ఎక్కడ బయల్దేరిందో అక్కడే దిగేది. రెండూ ఒకే టేబుల్‌లో ఒకే స్థానాన్ని పంచుకోవడమే కారణం, ఒక్కోదానికి ఒక్కో బైండింగ్‌సోర్స్ (టేబుల్‌కూ పెట్టెకూ మధ్య నిలిచేది) ఇస్తే విడిపోతాయి. లిస్ట్‌బాక్స్‌లకూ ఇదే వర్తిస్తుంది.

జాబితాను తనంతట తానే వరస పెట్టే సార్టెడ్ అనే ప్రాపర్టీ జోలికి రొయ్యల వాళ్ల దగ్గర పోకండి. అది అంకెల్ని కూడా అక్షరాలుగానే చూస్తుంది కాబట్టి 100 కౌంట్ వచ్చి 30 కౌంట్ పైన కూర్చుంటుంది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలనే లెక్క. 30కీ 100కీ రేటులో ఎంత తేడానో చెరువు వాళ్లనడగండి. డేటాబేస్‌ను అడిగే క్వెరీలోనే సంఖ్య ప్రకారం వరస పెట్టుకురావడం మేలు.

మిగతావి రెండు ముక్కల్లో. సార్వానా దాళ్వానా అని అడగడానికి కాంబో ఎందుకు, రెండు రేడియో బటన్లు చాలు. ఒకేసారి పది ఎంచుకోవాలంటే చెక్డ్‌లిస్ట్‌బాక్స్, చెక్‌ఆన్‌క్లిక్ ట్రూ చేయకపోతే ఒక్కో టిక్కుకూ రెండేసి నొక్కులు. లిస్ట్‌వ్యూ నాకు నచ్చదు, కాలమ్‌లు కావాలంటే గ్రిడ్‌కే పోతాను. కాంబోలో సింపుల్ అనే మూడో స్టైల్ ఒకటుంది, ఇన్నేళ్లలో ఒక్కసారీ వాడలేదు.

కాటా గదిలో ఇప్పుడు రకం దగ్గర ఎనిమిది వరసల లిస్ట్‌బాక్స్ ఉంది, అక్షరాలు పెద్దవి చేసి. దాళ్వా మొదలయ్యాక అతి తెలివితో ఇంకో పని చేశాను. ఆ సీజన్‌లో ఎక్కువ వచ్చేవి 1010, 1121 కాబట్టి వాటిని పైకి తెచ్చి స్వర్ణను కిందికి పంపాను. మర్నాడే ఫోన్ వచ్చింది.

"ఏవండీ, స్వర్ణ రెండో మెట్టు దిగిపోయిందండి. మా వేలు ఇంకా అక్కడికే పోతోంది."

"దాళ్వాలో స్వర్ణ పెద్దగా రాదు కదండీ?"

"రాదండి. రాకపోయినా దాని చోటు దానికి ఉంచండి."

ఆ సాయంత్రమే పాత వరస పెట్టేశాను. కొత్త రకం వస్తే ఇప్పుడు అన్నిటికంటే కిందే చేరుస్తున్నాను.