రాత్రి చెమటలకు జెల్ దిండు: 5కి 3 మార్కులు

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం దిండ్లు చాలావరకు ఒకే పద్ధతిలో వస్తున్నాయి: లోపల మెమరీ ఫోమ్, ఒక వైపు జెల్ పొర, పైన జిప్పున్న కవర్. మెడనొప్పి కోసం కొనేవాళ్లు వేరే రివ్యూ చూసుకోండి. నేను కొన్నది మెనోపాజ్ కోసం. నాకు నెలసరి పూర్తిగా ఆగలేదు. కానీ అర్ధరాత్రి మెడ వెనక నుంచి వేడి ఆవిర్లు లేచి, ముఖం మీదికి పాకి, వేసుకున్న బట్టలు తడిసి మెలకువ రావడం మాత్రం మొదలైంది.

ముందు మంచి మాట. తల పెట్టగానే హాయిగా ఉంటుంది. చెంప, మెడ తగిలిన చోట నిజంగానే చల్లగా ఉండి నిద్ర త్వరగా పడుతుంది. అయితే నా దిండులో ఆ చల్లదనం అరగంట కూడా నిలవదు. జెల్ చల్లదనాన్ని పుట్టించదు, మన ఒంటి వేడిని పీల్చుకుంటుంది, అంతే. తనూ వెచ్చబడ్డాక ఇక పీల్చుకునేదేమీ ఉండదు. కింద ఉన్న ఫోమ్‌లో గాలి కూడా సరిగా ఆడదు. పదింటికి పడుకుంటే, రెండింటికి వచ్చే ఆవిరికి ఇది మామూలు దిండే.

హాట్ ఫ్లాషెస్‌ని, అంటే ఈ వేడి ఆవిర్లని, ఆపుతుందని ప్యాకెట్ మీద వేశారు. దిండు ఎలా ఆపుతుందండీ? ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గేసరికి, మెదడులో ఒంటి వేడిని అదుపులో పెట్టే హైపోథాలమస్ అతి సున్నితంగా తయారవుతుంది. లోపల వేడి ఏ కాస్త పెరిగినా కొంప మునిగినట్టు కంగారుపడి, చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి చెమట పట్టిస్తుంది. అదంతా మెదడులో జరిగే వ్యవహారం. మెడ కింద దిండు పెట్టి దాన్ని ఆపలేం.

జెల్ ఒక వైపే ఉందని చాలామంది స్టార్లు తగ్గించారు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. చెమట పట్టిన కాసేపటికి చలి మొదలవుతుంది చూడండి, ఆ వణుకులో జెల్ వైపు తగిలితే చిరాకు నషాళానికి ఎక్కుతుంది. దిండు తిరగేసి మామూలు వైపు పడుకుంటాను. ఈలోగా జెల్ మళ్లీ చల్లబడుతుంది. రెండు వైపులా జెల్ ఉన్నవి కొనకండి.

ఇక లోపాలు. బరువు ఎక్కువ, నిద్రమత్తులో ఒంటి చేత్తో తిప్పలేం. మొదట్లో రసాయనం వాసన వచ్చింది, గాలికి పెడితే పోయింది. లోపలి దిండు ఉతకడానికి వీల్లేదు, కవర్ ఒక్కటే ఉతకాలి. చెమట కోసం తయారు చేసిన దిండుకి ఒకే కవర్ ఇవ్వడమేమిటో! అన్నిటికంటే పెద్ద సమస్య మన్నిక. తరచూ ఆవిర్లు వచ్చేవాళ్లలో సగం మందికి ఆ ఆవిర్లు 7.4 ఏళ్లకు పైనే ఉంటాయని అమెరికాలో మహిళల ఆరోగ్యం మీద చేసిన స్వాన్ అధ్యయనం 2015లో తేల్చింది. ఈ ఫోమ్ అప్పుడే మధ్యలో అణుగుతోంది.

అమెరికాలోని మెనోపాజ్ నిపుణుల సంఘం 2023లో హార్మోన్లు లేని చికిత్సల మీద సిఫార్సులు ఇచ్చింది. ఆవిర్లు తగ్గడానికి శరీరాన్ని చల్లబరిచే పద్ధతులను సిఫార్సు చేయలేదు, తగిన ఆధారాలు లేవట. యోగా, మూలికల మాత్రలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. సిఫార్సు చేసినవాటిలో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే మానసిక చికిత్స), క్లినికల్ హిప్నాసిస్ (నిపుణులు చేసే హిప్నాటిజం చికిత్స), బరువు తగ్గడం, కొన్ని మందులు ఉన్నాయి. ఇది నేను ఈ దిండు మీద తల పెట్టుకునే చదివాను, నవ్వొచ్చింది. ఆవిరి తగ్గకపోయినా మళ్లీ నిద్ర పట్టడం నాకు ముఖ్యం, కాబట్టి దిండు పారేయలేదు. నడక, బరువులెత్తడం కూడా మానలేదు. అవి ఆవిర్ల కోసం కాదు, ఎముకల కోసం. ఈస్ట్రోజన్ తగ్గాక ఎముకలు వేగంగా పలచబడతాయి.

డబ్బు చూసుకోవాలనుకుంటే ముందు మంచం పక్కన చిన్న ఫ్యాన్ పెట్టుకోండి, చేతికందే స్విచ్ ఉన్నది. మందపాటి దుప్పటి ఒకటి బదులు పలచటివి రెండు వాడండి, ఒకటి తన్నేయడం సులువు. మా ఆయన దుప్పటి వేరు చేశాక ఆయన నిద్రా బాగుపడింది. రోజూ నిద్ర చెడి పగలు పని చేయలేకపోతుంటే దిండ్ల రివ్యూలు చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆవిర్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే, అది మీకు సరిపడుతుందో లేదో వాళ్లు చూసి చెబుతారు. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయొద్దు.

రెండో కవర్ విడిగా అమ్మినా ఇంకో అర మార్కు వేసేదాన్ని.