పరీక్షల డిస్క్ ఇమేజ్‌లు: రా మేలా, క్యూకౌ2 మేలా?

ఒక కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ క్యూఎమూలో, పరీక్షల కోసం నమూనా డిస్క్‌లను ఇమేజ్‌లుగా, అంటే డిస్క్‌లోని సమాచారమంతా ఉన్న ఫైళ్లుగా, దాచుకోవడానికి ప్రధానంగా రా, క్యూకౌ2 ఫార్మాట్లు ఉన్నాయి. రా ఇమేజ్‌లో డిస్క్ బైట్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి కనుక లినక్స్‌లో లూప్ డివైస్‌గా (ఫైల్‌ను అసలు డిస్క్‌లా చూపే సదుపాయం) తగిలించి నేరుగా పరిశీలించవచ్చు. అయితే ఖాళీ భాగాలను గుర్తించని పద్ధతిలో కాపీ చేస్తే 20 జీబీ డిస్క్ మొత్తం 20 జీబీని ఆక్రమిస్తుంది. క్యూకౌ2 మాత్రం, సాధారణంగా 64 కేబీ క్లస్టర్ల (ముక్కల) చొప్పున, రాసిన భాగానికే స్థలం కేటాయిస్తుంది. అంతకంటే విలువైనది దాని బ్యాకింగ్ ఫైల్ సదుపాయం: ఒకే మూల ఇమేజ్‌పై ప్రతి పరీక్షకూ, మార్పులను మాత్రమే దాచుకునే ఒక పైపొరను సృష్టించి, పని ముగియగానే తొలగిస్తే మూలం చెక్కుచెదరదు. ఆ మూలాన్ని ఎవరూ మార్చలేని విధంగా కాపాడడం తప్పనిసరి, ఎందుకంటే తర్వాత దానిలో జరిగే మార్పు పైపొరలన్నిటినీ చెడగొట్టగలదు. నిత్య పరీక్షలకు నేను క్యూకౌ2నే ఎంచుకుంటాను. డిస్క్ వేగాన్ని కొలవవలసినప్పుడు, ఏ క్లస్టర్ ఎక్కడుందో చెప్పే క్యూకౌ2 చిరునామాల పట్టికలు మధ్యలో అడ్డురాని రా ఇమేజే సరైనది.