మా ఊరి శాఖా గ్రంథాలయానికి అయిదు మార్కులకు మూడున్నర

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఉదయం 8 గంటలకు నా డ్యూటీ మా శాఖా గ్రంథాలయంలోనే. శుక్రవారం సెలవు. ఆ రోజు ఇంట్లో కాలు నిలవదు.

పేపర్లు బాగానే వస్తాయి. చిక్కల్లా ఒక్కో పేపరును నలుగురు నాలుగు ముక్కలుగా పంచుకోవడమే. మొదటి పేజీలో ‘మిగతా 7లో’ అని ఉంటే, ఆ ఏడో పేజీ ఎవరి చేతిలో ఉందో వెతికి, ఆయన తల ఎత్తేదాకా ఆగాలి. గళ్లనుడికట్టును ఎవరో నాకంటే ముందే పెన్నుతో నింపేస్తున్నారు. అదీ తప్పులతో!

వెనక గది గ్రూప్స్‌కు చదివే పిల్లలది. కొందరు కుర్చీలు కూడా ఇంటి నుంచే తెచ్చుకున్నారు. 11 గంటలకు తాళం వేస్తే, మళ్లీ సాయంత్రం తెరిచేదాకా టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని మెట్ల మీదే చదువుతారు. మొన్న ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చిందట. లైబ్రేరియన్ గారి బల్ల మీద మైసూర్‌పాక్ పెట్టె చూసి అడిగితే తెలిసింది. నాకూ ఒక ముక్క దక్కింది.

నవలల బీరువాలోకి కొత్త పుస్తకం వచ్చి ఎన్నాళ్లయిందో! ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, ఆ పైసలు ఇక్కడిదాకా ఎప్పుడు వస్తాయి? టికెట్ కొట్టాక బస్సు ఎక్కించకపోతే ఎలా?

ఫ్యాను కింద చోటు కావాలంటే పది నిమిషాలు ముందే రండి. కిటికీ పక్క కుర్చీ మాత్రం నాది.