నల్లజాతి విశ్వవిద్యాలయంలో సినిమా, టీవీ ప్రొడక్షన్ చదువు: చదివినదాన్ని చెప్తున్నా, మంచీ చెడూ రెండూ

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదవండి. కొత్త కెమెరాలు, మెరిసే స్టూడియోలు చూసి కాలేజీ ఎంచుకునేవాళ్లకు ఈ చదువు నచ్చదు. చేరిన మొదటి ఏడాదే లైవ్ ప్రోగ్రాం నడిపే కుర్చీలో కూర్చోవాలి, మనిషి ముఖం మీద వెలుగు ఎలా పడాలో నేర్చుకోవాలి అనుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

నేను చదివింది అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని ఒక హెచ్‌బీసీయూలో. పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. నల్లజాతివాళ్ల చదువు కోసం 1964కి ముందు పెట్టిన కాలేజీలను, యూనివర్సిటీలను హెచ్‌బీసీయూలు అంటారు. ఈ నిర్వచనం 1965 నాటి ఉన్నత విద్యా చట్టంలోనే ఉంది. దేశం మొత్తం మీద ఇవి వంద దాకా ఉంటే, ఒక్క ఉత్తర కరోలినాలోనే పది దాకా ఉన్నాయి. "అందులో మనల్ని చేర్చుకుంటారా?" అని చాలామంది అడుగుతారు. చేర్చుకుంటారు. ఈ విద్యాసంస్థల్లో చదివేవాళ్లలో దాదాపు నాలుగో వంతు నల్లజాతివాళ్లు కాదు.

నేను హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానల్ పీసీఆర్‌లో (లైవ్ నడిపే కంట్రోల్ రూమ్‌లో) పనిచేసి, పెళ్లయ్యాక ఉత్తర కరోలినాలోని మోరిస్‌విల్ వచ్చాను. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందో క్యారీ వెంకటేశ్వరస్వామి గుడికి శనివారం వెళ్తే తెలుస్తుంది. నేను ఫలానా యూనివర్సిటీలో చేరుతున్నానని చెప్పగానే ఆ గుడి క్యాంటీన్‌లోనే ఒక పెద్దావిడ "అదేంటమ్మా, వేరే కాలేజీ దొరకలేదా, అక్కడ సేఫేనా?" అన్నారు. ఆవిడ ఒక్కరే కాదు, ఇంచుమించు అందరూ అదే మాట. ఇన్నేళ్లలో రాత్రి ఎడిటింగ్ ల్యాబ్ నుంచి కారు దాకా నేను ఒంటరిగా నడిచిన సందర్భాలు తక్కువ. ఎవరో ఒకరు బ్యాగ్ భుజాన వేసుకుని తోడు వచ్చేవాళ్లు. ఆ ప్రశ్నకు నా జవాబు అంతే, ఇంకా సాగదీయను.

అక్కడి పద్ధతి కొంచెం వేరు. మిగతా అమెరికన్ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలుస్తారని విని వెళ్లాను. ఇక్కడ డాక్టర్ ఫలానా అని ఇంటిపేరుతోనే పిలవాలి. నాకంటే చిన్న పిల్లలు నన్ను పేరుకు ముందు మిస్ చేర్చి పిలిచేవాళ్లు. క్లాసుకు రెండుసార్లు రాకపోతే టీచరే ఫోన్ చేసి అడుగుతారు. పెద్ద యూనివర్సిటీ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక అబ్బాయికి ఇది ఊపిరాడనివ్వని పద్ధతి అనిపించింది. నాకు హాయిగా ఉండేది.

ఇక అసలు చదువు. లైటింగ్ క్లాసు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కట్టిన ఫీజుకు అదొక్కటే సరిపోయింది.

నేను పనిచేసిన ఛానల్లో యాంకర్ అమ్మాయిలకు వాళ్ల రంగు కంటే రెండు ఛాయలు తెల్లగా మేకప్ వేసి, ఎదురుగా లైటు దంచి కొట్టేవాళ్లం. ముఖం గోడలా చదునుగా వచ్చినా ఎవరికీ పట్టేది కాదు, తెల్లగా ఉంటే చాలు. కెమెరాలో వెలుగు ఎంతుందో చూపించే జీబ్రా గీతలు 70 శాతం దగ్గర పెట్టుకోమని పాత మాన్యువల్స్ అన్నీ చెప్తాయి. అది తెల్లవాళ్ల ముఖానికి పనికొచ్చే లెక్క అని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అసలు కలర్ ఫిల్మ్ ప్రింట్లకే కొన్ని దశాబ్దాల పాటు కొలబద్ద ఒక తెల్లజాతి అమ్మాయి ఫొటో. షర్లీ కార్డు అని దానికి పేరు. ముదురు రంగులు ఫిల్మ్ మీద సరిగా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను తయారుచేసే కంపెనీలు గొడవ చేశాకే కొడాక్ ఆ సంగతి గట్టిగా పట్టించుకుందని మా టీచరు చెప్తుంటే క్లాసంతా నవ్వింది. నవ్వు మాత్రం మామూలు నవ్వు కాదు.

మొదటి అసైన్‌మెంట్‌లో మా చేత చేయించింది ఇది. బాగా నల్లని ముఖం, చామనఛాయ ముఖం (అది నేనే), గోధుమరంగు ముఖం, ముగ్గుర్నీ ఒకే ఫ్రేములో కూర్చోబెట్టి ఎవరి రంగూ చెడకుండా తీయాలి. నల్లని ముఖం మీదికి లైటు పెంచితే పక్కవాడి ముఖం మరీ తెల్లగా కాలిపోతుంది. కాబట్టి లైటు పెంచకూడదు. తెల్లగా ఉన్న మనిషి వైపు సి-స్టాండ్‌కి (లైటు సామాను తగిలించే స్టాండు) నెట్, అంటే సన్నటి జాలీ తెర, తగిలించి వెలుగు తగ్గించాలి. పెద్ద తెల్ల బోర్డు మీద కొట్టిన వెలుగు మెత్తగా తిరిగొచ్చి నల్లని చర్మం మీద జారాలి. నల్లని చర్మాన్ని చూపించేది ఆ మెరుపే. అందుకని పౌడర్ అద్ది మెరుపు చంపేయకుండా, షూట్‌కి ముందు మాయిశ్చరైజర్ రాయిస్తారు. వెనక గోడ రంగు, భుజం మీద పడే సన్నటి బ్యాక్‌లైట్, ఇవన్నీ ఆ తర్వాత. ముఖం ఎంత వెలుగులో ఉండాలన్నది జీబ్రా చెప్పదు, ఆ మనిషిని నేరుగా చూసి నువ్వే తేల్చుకోవాలి అంటారు. మానిటర్‌లో నా ముఖం నా రంగులోనే చూసుకున్నది ఆ రోజే. ఇంటికి వెళ్లి ఆ స్టిల్ అమ్మకు వాట్సాప్‌లో పెడితే "బాగా వచ్చావు, కాస్త నల్లగా పడ్డావు" అంది.

ఈ విద్య ఇక్కడ ఇంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో (అదీ హెచ్‌బీసీయూనే) ఇథియోపియా నుంచి వచ్చిన దర్శకుడు హైలే గెరిమా 1975 నుంచి కొన్ని దశాబ్దాలు పాఠం చెప్పారు. సినిమాటోగ్రఫీకి ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ బ్రాడ్‌ఫోర్డ్ యంగ్ ఆ కాలేజీ నుంచి వచ్చినవాడే. సినిమాటోగ్రాఫర్ ఆర్థర్ జాఫా కూడా అక్కడే చదివాడు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు, వాళ్ల పని చూసి నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఇలాంటి కాలేజీల్లో టీచర్లుగా ఉన్నారు.

సినిమా చరిత్ర క్లాసు కూడా బాగుంటుంది. అందరూ మొదలుపెట్టే చోట మొదలుపెట్టరు. 1920లో నల్లజాతి దర్శకుడు ఆస్కర్ మిషో సొంతంగా తీసిన మూకీతో మొదలవుతుంది. చార్లెస్ బర్నెట్ లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో తన థీసిస్‌గా తీసిన కిల్లర్ ఆఫ్ షీప్ గురించి ఒక క్లాసంతా చెప్పారు. ఎంత గొప్ప సినిమా అయితేనేం, అందులో వాడిన పాటల హక్కులు లేక 2007 దాకా థియేటర్లలో మామూలుగా విడుదల కాలేదు. మన షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లు ఇళయరాజా పాట ఎత్తి పెట్టేసుకుని "మనల్ని ఎవరు అడుగుతారులే" అంటారు కదా, వాళ్లను ఈ క్లాసులో ముందు వరుసలో కూర్చోబెట్టాలి.

టీవీ ప్రొడక్షన్ విషయానికొస్తే, ఫుట్‌బాల్ సీజనే అసలు క్లాస్‌రూమ్. ఆటను స్ట్రీమింగ్‌లో లైవ్ ఇచ్చేది స్టూడెంట్లే. మిగతా కాలేజీల్లో హాఫ్‌టైమ్ రాగానే జనం లేచి తిండి కొనుక్కోవడానికి వెళ్తారు. ఇక్కడ సరిగ్గా అప్పుడే వచ్చి కూర్చుంటారు, ఎందుకంటే మార్చింగ్ బ్యాండ్ దిగేది అప్పుడే. ఆ 20 నిమిషాలు, ఏ కెమెరా బొమ్మ బయటికి వెళ్లాలో మార్చే స్విచ్చర్ మీద కూర్చున్నవాళ్లకు చెమటలు పడతాయి. బ్యాండ్‌ను ముందుండి నడిపే డ్రమ్ మేజర్ వెనక్కి వంగి టోపీ నేలకు ఆనించే క్షణంలో నువ్వు వైడ్ షాట్ మీద ఉంటే స్టేడియం అంతా నిన్ను తిడుతుంది. అలాగని క్లోజ్ మీదే ఉండిపోతే మైదానంలో వేసిన ఆకారాలు పోతాయి. పైనున్న కెమెరా వైడ్ వదలకూడదు. కిందున్న హ్యాండ్‌హెల్డ్ కుర్రాడికి బ్యాండ్ పాటలు ముందే వచ్చి ఉండాలి. అందుకే మా డైరెక్టర్‌గా ఉన్న అమ్మాయి శుక్రవారం బ్యాండ్ ప్రాక్టీసుకు వెళ్లి, ఏ పాటలో ఎన్నో బీట్‌కి ట్యూబాలు (పెద్ద బాకాలు) తిరుగుతాయో కాగితం మీద రాసుకొచ్చేది. ఆట అయ్యాక రెండు బ్యాండ్లు ఎదురెదురుగా కూర్చుని పోటీపడతాయి. ఫిఫ్త్ క్వార్టర్ అంటారు. రన్‌డౌన్‌లో (ప్రోగ్రాం నిమిషాల పట్టికలో) దానికి టైమ్ ఉండదు, ఎప్పుడు అయిపోతుందో దేవుడికే ఎరుక. హైదరాబాద్‌లో బ్రేకింగ్ న్యూస్‌కి రన్‌డౌన్ చింపేసి పనిచేసిన అనుభవం నాకు ఇక్కడ కలిసొచ్చింది. హెడ్‌సెట్‌లో ఒకరి మీద ఒకరు అరవకుండా ఆ పని ఎలా చేయాలో మాత్రం ఇక్కడే నేర్చుకున్నాను.

డాక్యుమెంటరీ కోర్సులో మా గ్రూపు డర్హామ్‌లోని హేటై అనే పేటను తీసుకుంది. ఒకప్పుడు నల్లజాతివాళ్ల ఇళ్లతో, దుకాణాలతో, చర్చిలతో కళకళలాడిన చోటు. పట్టణ పునరుద్ధరణ పేరుతో ఇళ్లు కొట్టేసి దాని నడిమధ్య నుంచి ఫ్రీవే వేశారు. ఒక పెద్దాయన రోడ్డు అంచున నిలబడి తమ ఇల్లు ఎక్కడుండేదో చూపిస్తుంటే వెనక లారీల మోత. ఆడియో పాడైందని మేమందరం తలపట్టుకున్నాం, మళ్లీ తీద్దామన్నాం. టీచరు విని "ఆ మోత తీసేస్తే ఇంక కథేముంది?" అన్నారు. ఫైనల్ కట్‌లో ఆ మోతను తగ్గించలేదు సరికదా, ఆయన మాట ఆగినచోటల్లా ఇంకాస్త పెంచాం. మా అమ్మ పుట్టిల్లు శ్రీశైలం ముంపులో పోయింది. వేసవిలో నీళ్లు తగ్గితే గోడలు తేలతాయని అమ్మమ్మ చెప్పేది. అది తీయాలన్న ఆలోచన కర్నూలులో ఉన్నన్నాళ్లూ రాలేదు, డర్హామ్‌లో వచ్చింది.

ఇప్పుడు తిట్లు.

సామాను చాలదు. కెమెరాలు, లైట్లు ఇచ్చే గదిని కేజ్ అంటారు. శుక్రవారం తీసుకుని సోమవారం పొద్దున తిరిగిచ్చేయాలి. సెమిస్టర్ చివర్లో, ఉన్న కాసిని లైట్ కిట్ల కోసం క్లాసంతా క్యూ కడుతుంది. ట్రైపాడ్ ఉంటే కెమెరా బిగించే ప్లేట్ ఉండదు, మైక్ ఉంటే కేబుల్ పనిచేయదు. వాకిలి దాటేముందు అక్కడే ఆన్ చేసి చూసుకోకపోతే పగిలినదానికి బిల్లు మన పేరున పడుతుంది. మా క్లాసు కుర్రాళ్లు దీనికి ఒక దారి కనిపెట్టారు. ఆదివారం ప్రార్థనలను లైవ్ ఇచ్చే చర్చిల్లో వాలంటీర్లుగా పనిచేసేవాళ్లు. అక్కడి ఏటెం స్విచ్చర్లు, కెమెరాలు కొన్నిసార్లు మా స్కూల్లోవాటి కంటే కొత్తవి. పాస్టర్‌గారు మంచివారైతే వారం మధ్యలో అరువిచ్చేవారు.

ఆఫీసు పనులైతే ఇంకా ఘోరం. ఫీజు కట్టిన రసీదు చూపించినా రిజిస్ట్రేషన్‌కు వేసిన హోల్డ్ (అడ్డు) తీయడానికి మూడు కిటికీలు తిప్పారు. నా హైదరాబాద్ ట్రాన్స్‌క్రిప్ట్ ఒకసారి పోయింది, మళ్లీ తెప్పించమన్నారు. ప్రతి కాగితానికీ కాపీ, ప్రతి మాటకూ ఈమెయిల్ ఉండాల్సిందే.

అయితే సామాను లేకపోవడం వెనక పెద్ద లెక్కే ఉంది. 2023 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాశారు. ల్యాండ్-గ్రాంట్ (వ్యవసాయం, ఇంజినీరింగ్ లాంటి చదువుల కోసం ప్రభుత్వ చట్టం కింద నడిచే) నల్లజాతి యూనివర్సిటీలకు 1987 నుంచి 2020 మధ్య రాష్ట్రాలు ఇవ్వాల్సిన దానికంటే 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చాయని వాటి సారాంశం. గ్రీన్స్‌బరోలోని నార్త్ కరోలినా ఏ అండ్ టీ ఒక్కదానికే 200 కోట్లకు పైగా. విరిగిన ట్రైపాడ్‌ను చూసి విసుక్కునేటప్పుడు ఈ అంకె కూడా గుర్తుంచుకోవాలి. ఆఫీసు కిటికీల దగ్గరి నిర్లక్ష్యానికి మాత్రం డబ్బు సాకు చెల్లదు.

ఫీజులు కాలేజీని బట్టి మారతాయి, ప్రైవేటువి ఖరీదు. అదే రాష్ట్రంలో ఎలిజబెత్ సిటీ స్టేట్, ఫయెట్‌విల్ స్టేట్ అనే రెండు ప్రభుత్వ హెచ్‌బీసీయూల్లో ఎన్‌సీ ప్రామిస్ పథకం కింద రాష్ట్రవాసులకు సెమిస్టర్ ట్యూషన్ 500 డాలర్లు, బయటి రాష్ట్రాల వాళ్లకు 2,500. ఇతర ఫీజులు, హాస్టల్, తిండి విడి. అక్కడ మీకు కావాల్సిన ప్రొడక్షన్ కోర్సులు ఎన్ని ఉన్నాయో కేటలాగ్ చూసుకోండి.

వీసా సంగతి మన ఆడపిల్లలకు ముఖ్యం. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద చదువుకోవచ్చు, దానికి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అక్కర్లేదు. కానీ ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) లేని హెచ్-4 మీద జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ కుదరదు, క్యాంపస్‌లో కేజ్ దగ్గర గంటల లెక్కన చేసే ఉద్యోగం కూడా కుదరదు. ఈ రంగంలో మొదటి పని దొరికేదే ఆ ఇంటర్న్‌షిప్‌తో. ఎఫ్-1కి మారితే చదువయ్యాక ఏడాది ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) వస్తుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీలకైతే ఇంకో రెండేళ్లు కలుస్తాయి. ఇక్కడే మెలిక ఉంది. సినిమా ప్రొడక్షన్‌కు మామూలుగా వేసే 50.0602 అనే సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో చెప్పే ప్రభుత్వ నంబరు) స్టెమ్ జాబితాలో లేదు. డిజిటల్ కమ్యూనికేషన్, మీడియా కింద వచ్చే 09.0702 ఉంది. చదివేది ఒకలాంటి కోర్సులే అయినా ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద ఏ కోడ్ పడుతుందన్నది మూడేళ్ల పనికీ ఒక్క ఏడాది పనికీ ఉన్న తేడా. చేరకముందే ఆ కోడ్ ఏమిటో అడిగి రాయించుకోండి.

పని సంగతి: మా బ్యాచ్‌లో సినిమా వైపు వెళ్లినవాళ్లలో చాలామంది అట్లాంటాకు మూటా ముల్లే సర్దుకున్నారు. జార్జియా 2008 నుంచి షూటింగ్ ఖర్చులో 30 శాతం దాకా పన్ను రాయితీ ఇస్తోంది. టైలర్ పెర్రీ 2019లో ఒక పాత సైనిక స్థావరంలో 330 ఎకరాల స్టూడియో తెరిచాడు. పాత విద్యార్థులు అక్కడ చాలామంది ఉన్నారు. ఒక్క ఫోన్‌తో ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా రెండు రోజుల పని ఇప్పించడం వాళ్లకు లెక్కలోది కాదు. హోమ్‌కమింగ్ (పాత విద్యార్థుల పండగ) వారంలో వాళ్లంతా క్యాంపస్‌కు వస్తారు, నా సీనియర్లకు పని దొరికింది ఎక్కువగా అప్పుడే. నేను మాత్రం ఇల్లు వదిలి వెళ్లలేక, ఈఏడీ వచ్చాక ఇక్కడే లైవ్ స్పోర్ట్స్‌కు రీప్లే ఆపరేటర్‌గా రోజుకూలీ లెక్కన చేస్తున్నాను. శని, ఆదివారాలు ఖాళీ ఉండదు, జనవరిలో పని తక్కువ.

చేరాలనుకునేవాళ్లు వెబ్‌సైట్‌లోని స్టూడియో ఫొటోలను నమ్మకండి. సెమిస్టర్ చివరి రెండు వారాల్లో ఒకరోజు వెళ్లి కేజ్ ముందు క్యూ చూడండి. అక్కడ నిలబడిన స్టూడెంట్లను ఏం తీస్తున్నారో అడగండి, దాచుకోకుండా చెప్తారు. కుదిరితే అక్టోబర్‌లో ఇంకోసారి వెళ్లి హాఫ్‌టైమ్ అప్పుడు కంట్రోల్ రూమ్‌లో వెనక నిలబడనిస్తారేమో అడగండి. నన్ను నిలబడనిచ్చారు.