బ్యాక్‌టిక్‌ల మధ్య తెలుగు: ఏడేళ్ల వాడకం తరువాత

బెంగళూరు మారతహళ్లిలోని ఒక చిన్న సంస్థలో పనిచేస్తూ, తెలుగు ఖాతాదారులకు వెళ్లే సందేశాలన్నిటినీ ఏడేళ్లుగా జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని టెంప్లేట్ లిటరల్స్‌తోనే (మధ్యలో విలువలు చేర్చుకోగల పాఠాలతో) రాస్తున్నాను. 2015లో ఆ భాష కొత్త రూపమైన ఈఎస్6తో ఈ సౌకర్యం రాకముందు, ప్రతి వరుసనూ కోట్స్‌లో పెట్టి ప్లస్ గుర్తుతో కలుపుకుంటూ పోయేవాళ్లం. ఎక్కడో ఒక స్పేస్ మరిచిపోతే పేరూ మాటా అతుక్కుపోయేవి. ఇప్పుడు బ్యాక్‌టిక్‌ల (` గుర్తుల) మధ్య ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు రాసి, విలువ రావలసిన చోట డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే చాలు. కోడ్ రాని, తెలుగు బాగా తెలిసిన సహోద్యోగి కూడా దానిని చదివి దిద్దగలుగుతున్నారు. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

అయితే ఉన్నదున్నట్టు అంటే ఖాళీలతో సహా అని అర్థం. ఫంక్షన్ (కోడ్‌లో ఒక పని చేసే భాగం) లోపల జరిపి రాసిన వరుసల ముందరి స్పేస్‌లు కూడా స్ట్రింగ్‌లో, అంటే తయారయ్యే పాఠంలో, భాగమే. వెబ్ పేజీలో బ్రౌజర్ వాటిని కుదించేస్తుంది కనుక తెలియదు. తెలుగు ఎస్సెమ్మెస్‌కు మాత్రం ఉన్నవే 70 స్థానాలు, గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. నాలుగు వరుసలకు ఎనిమిదేసి స్పేస్‌ల చొప్పున 32 స్థానాలు వృథాగా పోయి, మా సందేశాలు కొన్నాళ్లు రెండు ముక్కలుగా వెళ్లాయి.

విలువ లేకపోతే ‘అన్‌డిఫైన్డ్’ అనే మాటే ఉత్తరంలోకి వచ్చేస్తుంది. వాడుకరి టైపు చేసినదానిని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లోకి (వెబ్ పేజీ లోపలి కోడ్‌లోకి) నేరుగా చేర్చకూడదు, అందులో హానికరమైన కోడ్ ఉంటే అదీ నడవవచ్చు; టెంప్లేట్ లిటరల్ దేనినీ ఎస్కేప్ చేయదు (కోడ్ గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చదు), ఆ పని లిటరల్ ముందు పెట్టే ట్యాగ్ ఫంక్షన్‌తో మనమే చేయించాలి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి విభక్తులు. పేరు పక్కనే ‘కు’ అని రాస్తే ‘సీతకు’ సరిగానే వచ్చింది, ‘రవికు’ తప్పయింది, ‘సురేష్’ అయితే ‘సురేష్కు’ అయి షకారం కింద కవత్తు చేరింది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) పెట్టి, ‘కి’, ‘కు’లను ఎంచడానికి ఒక ఫంక్షన్ కూడా రాశాను కానీ, కొత్త పేరు వచ్చినప్పుడల్లా అది తడబడేది. చివరకు పేరు తరువాత ఒక స్పేస్, ఆపైన ‘గారికి’ అని పెట్టాను. అప్పటి నుంచి ఏ పేరు వచ్చినా వాక్యం చెడలేదు. ఊరి పేర్లకూ అదే దారి పట్టి, ‘గుంటూరుకు’, ‘హైదరాబాద్‌కు’ అనే బదులు అంతటా ‘శాఖకు’ అని రాస్తున్నాను.